నోవీ బ్రాడ్ మిల్లు: మూసేశాక చూసిన ఊరు

ఆరేళ్లపాటు నోవీ బ్రాడ్ అంటే నాకు ఆఫీస్ లాప్‌టాప్‌లో ఒక ప్లాంట్ కోడ్ మాత్రమే. టెక్సస్‌లో బ్రాజోస్ నది ఒడ్డున చెక్ వలసదారులు కట్టుకున్న చిన్న ఊరు అది. అక్కడి పిండి మిల్లుకి నేను డాలస్ పక్కన కాపెల్‌లో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ సపోర్ట్ చేసేదాన్ని. షిఫ్ట్ సూపర్‌వైజర్ జెర్రీ ఫోన్ చేసినప్పుడల్లా, యంత్రాల హోరు మధ్య, ఒకసారి వచ్చి చూడమనేవారు. వస్తానంటూనే కాలం గడిపేశాను. పోయిన వేసవిలో మిల్లు మూసేశారు. ఇప్పుడు కూల్చేస్తున్నారని తెలిసి శనివారం బయలుదేరాను. "మూసేసిన మిల్లు కోసం రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తావా? బాగానే ఉంది" అన్నారు మావారు, కాఫీ కలుపుకుంటూ.

ఏడింటికి బయలుదేరి, ఐ-35 హైవే మీద వేకో ఊరు దాటి, తూర్పుకి తిరిగే చిన్న రోడ్డు పట్టుకుంటే తొమ్మిదిన్నరకి ఊళ్లో ఉంటారు. రానుపోను పెట్రోల్‌కి ముప్పై డాలర్లు చాలు. బేకరీలో కొలాచీలు దొరుకుతాయి, మధ్యలో తీపి ముద్ద పెట్టిన మెత్తటి బన్నులు. గసగసాలది వదలకండి. పిండి ఇదివరకు ఎదురుగా ఉన్న మిల్లు నుంచే వచ్చేదని, ఇప్పుడు కాన్సస్ నుంచి తెప్పిస్తున్నామని బేకరీ ఆవిడ చెప్పింది.

జెర్రీ ఇప్పుడు చర్చి హాల్లో చిన్న మ్యూజియం చూసుకుంటున్నారు. టికెట్ లేదు. నది నీళ్లతో చక్రం తిరిగిన కాలం, ఆవిరి యంత్రం, తర్వాత కరెంటు, అన్నిటికీ ఫొటోలున్నాయి. ఒకదాంట్లో ఆయన తాతగారు ఒళ్లంతా పిండితో నవ్వుతున్నారు. చివరి అర మాత్రం ఖాళీ. కంప్యూటర్లు వచ్చాక కాగితం మీద ఏదీ రాయలేదట.

"మా రోజులన్నీ నీ సిస్టమ్‌లోనే ఉన్నాయి కదా. ఏ షిఫ్ట్‌లో ఎవరున్నారు, ఎంత ఆడించాం... కాస్త ప్రింట్ తీసివ్వగలవా?" అని అడిగారు.

మూసేసిన నెలకే మిల్లు డేటా తీసేయమని ఆఫీస్ సిస్టమ్‌లో నాకు పని టికెట్ వచ్చింది. తీసేసింది నేనే. ఆ మాటే చెప్పాను. ఆయన టోపీ పెట్టుకుని, మిగిలిన గోడలైనా చూపిస్తానని బయటికి నడిచారు.

తిరిగొస్తుంటే దారంతా బాధగానే ఉంది. ఒక్కసారి ఆ మనుషుల్ని చూసి ఉంటే, డిలీట్ కొట్టే ముందు కనీసం అడిగేదాన్ని. అడగాలని కూడా తోచలేదు నాకు.

వెళ్లేవాళ్లకి ఒక్క మాట. మ్యూజియం శనివారం ఉదయం మాత్రమే తెరుస్తారు. మీలో ఎవరైనా ఆ మిల్లుకి పనిచేసి ఉంటే, పాత ఫోన్‌లో ఒక్క ఫొటో ఉన్నా జెర్రీకి ఇచ్చి రండి. నా దగ్గర ఒక్కటీ లేదు.