వెనక గదుల్లో ఎవరుంటున్నారు?

ఇల్లు కొనాలనుకునేవాళ్ళు ఇప్పటికీ నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు. పాత ఇల్లు కొని, రిజిస్ట్రేషను, బ్యాంకు లోను, మునిసిపాలిటీలో పేరు మార్పు అన్నీ ఒక్కడినే తిరిగి చేయించుకున్నానని గద్వాలలో తెలిసినవాళ్ళ మధ్య నాకు కొంచెం పేరుంది. ఈసీ ఎన్నేళ్ళకు తీయించాలి, లింకు కాగితాలంటే ఏమిటి, తండ్రి పేరు మీదున్న ఇంటిని కొడుకు అమ్మితే ఎవరెవరు సంతకం పెట్టాలి, లోను ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు మారిస్తే అసలు దస్తావేజులు ఎవరి దగ్గరుంటాయి... ఎవరొచ్చినా దాదాపు ఇవే అడుగుతారు. నాకు తెలిసినంత చెబుతాను. రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైన అమ్మకాలు, తాకట్లు మాత్రమే ఈసీలో కనిపిస్తాయని, నమోదు కానిది అందులో ఉండదని కూడా చెబుతాను. వాళ్ళు తలూపి, టీ తాగి వెళ్ళిపోతారు.

ఆ టీ మా ఆవిడ వెనక గదిలో కాస్తుంది. ఆ గది మాకు ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. అడగాల్సిన పని లేకుండా మా గల్లీలో ఒక కథ స్థిరపడిపోయింది. అంతకుముందు ఆ వెనక గదుల్లో ఉన్నామె తన వాటా డబ్బు తీసుకుని, సంతోషంగా ఖాళీ చేసి వెళ్ళిందని. ఆ కథ నేను పుట్టించలేదు. నా ముందు ఎవరైనా చెప్పినప్పుడు కాదని కూడా అనలేదు. అది నిజం కాదు.

అప్పట్లో నేను కాలువల పనుల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. మాది తెలకపల్లి దగ్గర పల్లె, మెట్ట సేద్యం. ఉద్యోగం నన్ను నాగర్‌కర్నూలు నుంచి వనపర్తికి, అక్కడి నుంచి గద్వాలకు తెచ్చింది. జీతం ఖాతా మాత్రం వనపర్తి బ్యాంకులోనే ఉండిపోయింది. గద్వాలలో మేమున్న అద్దె ఇంటి యజమానురాలు మా ఆవిడ నల్లా దగ్గర నింపే బిందెలు లెక్కపెట్టేది. సొంత ఇల్లు అనే మాట మా ఇంట్లో రోజూ వినిపించేది.

ఒక లారీ మెకానిక్కు తన ఇల్లు అమ్ముతున్నాడని తెలిసింది. రాయచూరులో షెడ్డు పెట్టుకుంటాడట. చూడడానికి వెళ్ళాను. ముందు హాలు, రెండు గదులు, మధ్యలో చిన్న వాకిలి. వాకిలి అవతల ఒక తలుపు, దానికి పూల పరదా. ఆ తలుపు వెనక ఇంకో రెండు గదులు. వాటికి వెనక గల్లీలోకి వేరే దారి. ఇల్లు నచ్చింది. టేపు పట్టుకుని కొలుచుకుంటూ పరదా దాకా వచ్చేసరికి అతను నా చేయి పట్టుకున్నాడు.

"జర ఆగు సార్. లోపట చెల్లె ఉన్నది. ఆ కొలత నేను చెప్త, రాస్కో."

నేను వెంటనే వెనక్కి తగ్గాను. ఘోషా ఉన్న ఇళ్ళలో మగవాడు అలా లోపలికి వెళ్ళడు. అది మా పల్లెలో చిన్నప్పటి నుంచి చూసిన మర్యాదే. అతను చెప్పిన కొలత రాసుకున్నాను. మేం హాల్లో కూర్చున్నాక పరదా పక్క నుంచి గాజుల చేయి ఒకటి సాసర్లతో సహా రెండు చాయ్‌లు అందించింది. అతను లేచి తీసుకున్నాడు. అప్పుడు లోపలి నుంచి ఆమె ఉర్దూలో అడిగింది.

"కిరాయే కు ఆయే క్యా, భయ్యా?" అద్దెకు చూసుకునేందుకు వచ్చారా అని.

"హౌ, కిరాయే కు" అన్నాడతను.

అని, నా వైపు చూశాడు. నాకు ఉర్దూ వచ్చని అతనికి తెలుసు. నేను చాయ్ తాగాను. బాగుందని ఉర్దూలోనే అన్నాను కూడా.

బయటికి వచ్చాక అడగకుండా ఉండలేకపోయాను. "చెల్లెకు చెప్పలేదా భాయ్?"

"ఆడమనిషి, పరేషాన్ అయితదని చెప్పలే. మెల్లగ చెప్త. నాతోని రాయచూరు తీస్కపోత. నువ్వు ఫికర్ జేయకు."

నేను ఫికరు చేయలేదు. ఇల్లు చేజారుతుందేమో అన్నదే నా భయం. ఇంకెవరో కూడా చూసి వెళ్ళారని అతను అప్పటికే రెండుసార్లు అన్నాడు.

లోను కోసం వనపర్తిలో బ్యాంకు వకీలు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన పెద్ద మనిషి. మాట్లాడుతూనే ముందున్న పళ్ళెంలో ద్రాక్షపళ్ళు తింటున్నాడు. ఇల్లు మెకానిక్కు తండ్రి పేరు మీద ఉంది. తండ్రి పోయాడు. బతికుండగానే ఇల్లు మొత్తం కొడుక్కు నోటిమాటతో ఇచ్చాడని, దాన్ని వాళ్ళు హిబా అంటారని ఒక ఉర్దూ కాగితం చూపించాడు మెకానిక్కు.

"హిబా నోటిమాటతోని ఇచ్చినా చెల్లుతది" అన్నాడు వకీలు. "రిజిస్ట్రేషన్ లేదని నేను ఆపను. అయితే ఇచ్చినాయన చేతులకెళ్ళి ఇల్లు నీ చేతులకు రావాలె. వచ్చిందా?"

"నా చేతిలనే ఉన్నది సాబ్. మొత్తం."

వకీలు నా వైపు తిరిగాడు. "కొనేటోనివి నువ్వు. ఇల్లంత తిరిగి చూసినవా? ప్లానుల వెనకకు రెండు గదులు కనబడుతున్నయి, దారి కూడ వేరే ఉన్నది. వాటిల ఎవరుంటున్నరు?"

ఇల్లు కొనే ఎవరినైనా అడిగే మామూలు ప్రశ్న అది. రోజూ ఎంతమందిని అడుగుతాడో, నన్నూ అలాగే అడిగాడు. పక్కన మెకానిక్కు తన గోళ్ళలోని నల్ల గ్రీజు చూసుకుంటున్నాడు.

"ఎవరూ లేరు సార్" అన్నాను.

ఆ తర్వాత చాలా రోజులు నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. నేను పరదా దాటి లోపలికి వెళ్ళలేదు, ఎవరినీ చూడలేదు, కాబట్టి అబద్ధం ఆడలేదు అని. ఆమె ఇచ్చిన చాయ్ తాగిన మనిషి చెప్పుకున్న సమాధానం అది. ఒక ఆడమనిషి ఉంటున్నది సార్ అని ఉంటే వకీలు ఏమనేవాడో నాకిప్పుడు బాగా తెలుసు. ఆమెను పిలిపించు, ఆమె ఏమంటదో విందాం అనేవాడు. అంతకంటే పెద్ద గొడవ ఏమీ అయ్యేది కాదు.

రిజిస్ట్రేషను అయింది. దస్తావేజులు బ్యాంకుకు వెళ్ళాయి. తాళం చెవులు తీసుకోవడానికి మా ఆవిడతో కలిసి వెళ్ళిన రోజు ఇంటి ముందు మెకానిక్కు సామానుతో లారీ నిలబడి ఉంది. పరదా మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దాని వెనక నుంచి, ఈసారి తెలుగులో, నన్నే అడిగింది ఆమె.

"సారూ, మీరు ఆ రోజు కిరాయికి గద వచ్చింది?"

"మీ అన్న చెప్పలేదామ్మా?"

"మా అన్న చెప్పలే. మీరన్న చెప్పచ్చు గద. ఉర్దూ సమజ్ అయితది మీకు, నా చాయ్ మంచిగున్నదని ఉర్దూలనే అన్నరు."

మెకానిక్కు ఏదో అనబోయాడు. అంతలో పక్కింటి ముసలమ్మ కొంగు నడుముకు చెక్కుకుంటూ వచ్చింది. ఆమె వాళ్ళ కులమూ కాదు, మతమూ కాదు. ఆ గల్లీలో అందరికంటే పాత మనిషి.

"ఏమిరా, లారీల పాత సామాన్లు అమ్మినట్టు చెల్లె గదులు గూడ అమ్మినవా?" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "ఓ సారూ, నువ్వెవరో నాకు తెల్వదు. గీ పిల్లను మొగడు ఇడిసిపెడితే వీళ్ళ నాయిన తోల్కొచ్చి గా రెండు గదులు ఇచ్చిండు. మేమందరం చూస్తుంటిమి. తాళంచెవి పిల్ల చేతిల పెట్టి, తాను గడప దాటి గల్లీల నిలబడ్డడు. నిలబడి, 'బేటీ, లోపటికి రావచ్చునా' అని అడిగి, పిల్ల రమ్మంటే చుట్టం లెక్క పోయి చాయ్ తాగిండు. గట్ల ఇచ్చిండు. కచేరికొచ్చి చెప్పమన్నా చెప్త."

నోటిమాటతో ఇచ్చే ఇల్లు అలా చేతులు మారుతుందని, వకీలు అడిగింది సరిగ్గా ఆ గడప దాటడం గురించేనని నాకు అప్పుడు అర్థమైంది. మెకానిక్కు మొహం వాడిపోయింది. ఆ కాగితం ఎలా పుట్టిందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ముసలమ్మ కచేరి మాట మళ్ళీ ఎత్తితే పరదా వెనక నుంచే ఆమె వద్దంది.

"వద్దవ్వా. అన్నను కోర్టుల నిలబెట్టి నేను ఎవరి మొకం చూసి బతకాలె?"

ఆ రాత్రి మా ఆవిడ అన్నం కూడా సరిగా తినలేదు. "మనకు ముందటి గదులు చాలవా? ఆమెను ఆడనే ఉండనీయి. దారి గూడ వేరేనే ఉన్నది గద" అంది.

"బ్యాంకోళ్ళకు ఖాళీ ఇల్లని చెప్పిన. రేపు వాళ్ళొచ్చి చూస్తే?"

"చూస్తే ఏమైతది? చుట్టమని చెప్పు. అబద్ధం నీకు కొత్తనా?"

పక్కకు తిరిగి పడుకున్నాను. బ్యాంకు వాళ్ళకు వాయిదా అందితే చాలు, ఆ గదుల్లో ఎవరున్నారని చూడడానికి ఎవరూ రారు. అది నాకూ తెలుసు. ఇల్లు మొత్తం నాదే కావాలని నాకు ఉండింది. అంతకంటే వేరే కారణం లేదు.

ఆమె అన్నతో రాయచూరు వెళ్ళలేదు. వేసవి పోయి మొదటి వానలు పడేదాకా ఆ గదుల్లోనే ఉంది. మా ఆవిడ ఆమెతో మాట్లాడేది, కూర ఇస్తే ఆమె తీసుకునేది. నేను ఇంట్లో ఉన్నంతసేపు వెనక వైపు నుంచి చప్పుడు వచ్చేది కాదు. ఒక పొద్దున అమరచింత నుంచి ఆమె మేనత్త కొడుకు ఆటో తెచ్చాడు. ఆమె ఎవరితోనూ గొడవపడలేదు, ఒక్క పైసా తీసుకోలేదు. ఇవ్వడానికి నేనూ చేయి చాపలేదు. పరదా విప్పి మడిచి తీసుకుని, వెనక గల్లీ నుంచే వెళ్ళిపోయింది. తాళం చెవి ముసలమ్మ చేతికి ఇచ్చిందట. ముసలమ్మ దాన్ని మా గడప మీద పెట్టి వెళ్ళింది.

అప్పుడు మొదటిసారి ఆ గదులు చూశాను. గోడలకు శుభ్రంగా సున్నం వేసి ఉంది. కిటికీ ఊచకు ఒక ఇనప కొక్కెం. ఆమె చీర కొంగులకు కుచ్చులు అల్లేదని, కొంగును దానికి తగిలించి కిటికీ వెలుతురులో కూర్చునేదని మా ఆవిడ చెప్పింది. చీరలు ఇచ్చేవాళ్ళు కొన్నాళ్ళ దాకా వెనక తలుపు తట్టి, మా ఆవిడను చూసి వెళ్ళిపోయేవారు. అమరచింతలో ఆమెకు అంత పని దొరకదని నేను ఆలోచించలేదు.

కొన్నేళ్ళకు వడ్డీ తక్కువని లోను ఇంకో బ్యాంకుకు మార్చుకున్నాను. కొత్త బ్యాంకు తరఫున ఒక కుర్ర వకీలు ఇల్లు చూడడానికి వచ్చాడు. ఈసారి పరదా లేదు. నేరుగా వెనక గదిలోకి వెళ్ళి, పొయ్యి దగ్గర నిలబడి అడిగాడు.

"ఇంట్లో ఇంకెవరైనా ఉంటున్నారా సార్? ఇంతకుముందు ఎవరైనా హక్కు ఉందని చెప్పారా?"

"లేదు" అన్నాను. మా ఆవిడ చేతిలోని గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. ఇల్లంతా నా ఒక్కడి స్వాధీనంలోనే ఉందని, ఎవరికీ ఏ హక్కూ లేదని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను.

ఆ తర్వాతి ఆదివారం అమరచింత వెళ్ళాను. ఆమె మేనత్త ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆమె గుమ్మంలోకి వచ్చింది, తల మీద కొంగు కప్పుకుని. ఇన్నేళ్ళలో ఆమె మొహం చూడడం అదే మొదటిసారి. నా కంటే చిన్నదని అనుకునేవాణ్ణి. నా వయసే ఉంటుంది.

"ఆ రెండు గదులు ఖాళీగనే ఉన్నట్టు అనుకోమ్మా" అన్నాను. "వంట ముందటికి మార్చుకుంటం. నువ్వొచ్చి ఉండు. మా ఆమె కూడ అదే అంటుంది."

ఆమె కొంగు సర్దుకుని అడిగింది.

"కిరాయికా, సారూ?"

"అయ్యో, కిరాయి వద్దమ్మా."

"మరి ఏ లెక్కన ఉండాలె?"

గొంతులో కోపం లేదు. తెలుసుకోవడానికే అడిగింది. నేను చెబితే వచ్చేదేమో కూడా. నాకు మొన్న పెట్టిన సంతకం గుర్తొచ్చింది. ఇల్లు తాకట్టులో ఉందని, లోను తీరాక చూద్దామని ఏదో అన్నాను. ఆమె తలూపింది. లోపల ఎవరో పిలిస్తే వస్తున్నానని చెప్పింది. చాయ్ తాగమని అనలేదు.

ఆ ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. మీ నాయిన ఇచ్చిన లెక్కన అనాలి. ఆ మాట నా నోటికి వచ్చేసరికి గద్వాలకు తిరిగొచ్చే బస్సు జూరాల కట్ట మీద ఉంది.