గోవిందప్ప మామ గొట్టం తీర్పు

గొట్టం కనబడితే చాలు, గోవిందప్ప మామ ఒక కన్ను మూసేస్తాడు. డ్రిప్పు పైపు కానీ, పెళ్లిలో సన్నాయి కానీ, అవతలి కొసన బొటనవేలి గోరు అడ్డం పెట్టి, దాని మీద పడే వెలుతురులో లోపలికి తొంగి చూస్తాడు. తీర్పు మాత్రం ఒకటే: “అరిగిపోయిండాది.”

పోలీసు శాఖలో తుపాకులు బాగుచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు తనకల్లు పక్కన మా ఊళ్లో వేరుశనగ వేస్తున్నాడు. చుట్టుపక్కల లైసెన్సుతో పాత రివాల్వర్ ఎవరు కొన్నా ముందు ఆయనకే చూపిస్తారు. ఇంతవరకూ ఒక్కటీ పాసైన పాపాన పోలేదు.

నేను ఫోన్లో చూసి మోటార్లు విప్పడం నేర్చుకున్నవాణ్ని. మామ తీర్పు తప్పని నిరూపించాలని నా ఆశ. ఒకసారి అంగట్లోంచి కొత్త పైపుముక్క తెచ్చి, మట్టి పూసి ఇచ్చాను. అరిగిపోయిందన్నాడు. బిల్లు చూపించాను. అయితే అంగడోడు మోసం చేసినాడని నన్నే ఓదార్చి, ముక్కను అరుగు మీద పడేశాడు.

పోయిన ఎండాకాలం ఓబిలేష్ వచ్చాడు. బోరు నీళ్ల వంతు కాడ సొంత అన్న బాలప్పతో కొట్లాడి, లైసెన్సు మీద పాత రివాల్వర్ ఒకటి కొన్నాడు. గుండ్లు తీసేసి మామ చేతిలో పెట్టాడు.

“గట్టు మీంచి కొడితే గురి తప్పదు కదా మామా?”

చూపంతా బాలప్ప చేను వైపే ఉంది. ఎవరినని మేం అడగలేదు.

మామ గోరు అడ్డం పెట్టాడు. ఏ గొట్టాన్నీ అంతసేపు చూడగా నేనెరగను.

“లోపల మెలిగాట్లు అరిగిపోయినాయి ఓబిలేషా. గుండును బొంగరం మాదిరి తిప్పేది అవే. తిరగని బొంగరం యాట్లా పోతాదో నువ్వు చెప్పగలవా?”

“అంటే?”

“ఈడ గురి పెడితే ఆడ తగులుతాది. బోరు కాడ నీ ఎద్దులు కట్టేసింటావు, చూసుకోప్పా.”

పండగ లేకపోయినా ఎద్దుల కొమ్ములకు రంగులేసే మనిషి ఓబిలేష్. అరుగు మీద కూలబడ్డాడు. మామ రివాల్వర్ను అరుగు మీద పెట్టి, తుడిచే గుడ్డ కోసం లోపలికి పోగానే నేనూ గోరు అడ్డం పెట్టి చూశాను. గాట్లు కొత్త నట్టు మరల్లా తళతళలాడుతున్నాయి. ఒక్కటీ అరగలేదు.

మామ దొరికిపోయాడు. గుమ్మంలో గుడ్డ పట్టుకుని, రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తున్నాడు.

“నీకేం కనపడిందిరా గిరీ?” అన్నాడు ఓబిలేష్.

పాసుకాని రివాల్వర్లన్నీ గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ ఎవరి మీదా పేలలేదు.

“శానా అరిగిపోయిండాదన్నా.”

గురి లేనిది ఇంట్లో ఉంటే ఎద్దులకే గండమని ఓబిలేష్ దాన్ని పోలీసు స్టేషన్లో అప్పగించడానికి బండి తీశాడు. బండి మలుపు తిరిగింది. మామ అరుగు మీది నా పైపుముక్క తీసి, మట్టి దులిపి, ఒక కన్ను మూశాడు.

“ఇది బాగుండాదిరా అల్లుడూ.”