బావ యోక్ పట్టుకొచ్చిన ఏడాది

వెన్న మేస్త్రి అని ఆ వీధిలో అందరూ పిలిచే మనిషి అసలు పని కుట్టుమిషన్ల రిపేరు. ఆయన చేతిలో పడ్డ మిషను వెన్నలా నడుస్తుందని ఒక దర్జీ ఎప్పుడో అన్న మాట అలా అంటుకుపోయింది. పొగడ్తంటే చెవి కోసుకునే రకం కాబట్టి మేస్త్రి కూడా ఆ పేరును కాదనలేదు. పైగా కొట్టు తలుపు మీద రంగులతో రాయించుకున్నాడు.

పనితనం ఉన్నవాడే, అందులో అబద్ధం లేదు. కాకపోతే దాంతోపాటు ఒక జబ్బు కూడా ఉండేది. తన దగ్గరికి వచ్చిన ఏ వస్తువునైనా "ఇందులో ఏం లేదండీ, తీసుకెళ్ళండి" అని వెనక్కి పంపిన పాపాన పోలేదు. విప్పిన ప్రతిదాంట్లోనూ ఏదో ఒకటి దొరికి తీరాల్సిందే. వదులైన మర, చిక్కుకున్న దారప్పోగు, గట్టిపడ్డ గ్రీజు, ఏదైనా సరే. దొరికినదాన్ని చిన్న స్టీలు పళ్ళెంలో వేసి, వస్తువు తెచ్చినవాళ్ళ ముక్కు కిందికి తోసేవాడు. "చూశారా, ఇదీ సంగతి," అనేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే మాట. వాళ్ళు తృప్తిగా వెళ్ళేవాళ్ళు, ఇతను మీసం దువ్వుకునేవాడు.

కుట్టుమిషన్లు బాగుచేసుకునే మనిషి చేతికి విమానం యోక్ వచ్చింది బావ పుణ్యాన.

బావ అంటే అక్క భర్త. బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరిందో రాసుకుంటూ ముప్ఫై ఏడేళ్ళు ఒకే కిటికీ వెనక కూర్చున్న మనిషి, రిటైరైన నెల తిరక్కుండానే కంప్యూటరు ముందు కూర్చుని విమానాలు నడపడం మొదలుపెట్టాడు. రన్‌వే, మేఘాలు, పొగమంచు, అన్నీ తెర మీదివే. టేబుల్ అంచుకు బిగించిన యోక్ మాత్రం చేత్తో పట్టుకునేది. కారు స్టీరింగును సగానికి కోసినట్టుండే పిడి అది. తనవైపు లాగితే విమానం ముక్కు లేస్తుంది, తోస్తే దిగుతుంది, పక్కకు తిప్పితే రెక్క వాలుతుంది. బావకు ఆ విద్య ఎంత పట్టుబడిందంటే, గాలి అడ్డంగా కొడుతున్నా విమానాన్ని నిండు కప్పును బల్ల మీద పెట్టినంత నెమ్మదిగా దించేవాడు. మేస్త్రి ఆయనకు కెప్టెన్ అని పేరు పెట్టాడు. వెక్కిరింపుగానే పెట్టాడు గానీ, వెనక నిలబడి ఆ దిగడం చూసిన ప్రతిసారీ ఊపిరి బిగపట్టేవాడు.

ఆ యోక్ ఒకసారి నిజంగానే పాడైంది. గరగరలాడుతోందని బావ అక్క కుట్టుమిషను నూనె తెచ్చి ధారాళంగా పోశాడు. లోపల ఒక స్టీలు కడ్డీ ఉంటుంది, అది ప్లాస్టిక్ రింగుల్లోంచి ముందుకూ వెనక్కీ జారుతుంది. నూనెకు ఆ రింగులు ఉబ్బాయి, దుమ్మంతా చేరి ముద్దయింది, పిడి కదలడం మానేసింది. మేస్త్రి అంతా విప్పి, స్పిరిట్‌తో తుడిచి, రింగులు మార్చి, సిలికాన్ గ్రీజు గింజంత తీసుకుని వేలి కొసతో పల్చగా రాశాడు.

"ఇంకోసారి నూనె జోలికెళ్ళావంటే అక్కతో చెప్పి భోజనం బంద్ చేయిస్తా బావా," అన్నాడు.

"అది పెట్టే భోజనానికి అంత బెదిరింపు అక్కర్లేదురా," అన్నాడు బావ, వంటింట్లోకి వినపడేలా.

బావ తనలాంటి విమానాల పిచ్చివాళ్ళందరికీ బావమరిది గొప్ప చాటింపు వేశాడు. ఎక్కడెక్కడి నుంచో పార్సిళ్ళు రాసాగాయి. కొట్టులో కుట్టుమిషన్ల పక్కన యోకుల కోసం వేరే బల్ల వెలిసింది. ఈ వయసులో కొత్త విద్య, కొత్త పేరు. మేస్త్రి నేల మీద నడవడం తగ్గించాడు.

అలాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం బావ తన యోక్‌ను తువ్వాలులో చుట్టి పట్టుకొచ్చాడు.

"మధ్యలో పట్టేస్తోందిరా. కాస్త తోస్తే కదలదు. ఇంకాస్త తోస్తే గుంటలో పడ్డట్టు ఒక్కసారిగా పోతుంది."

ఇలాంటి ఫిర్యాదు మేస్త్రికి కంఠతా వచ్చు. కడ్డీ మీద మురికి పేరుకుంటే అచ్చం అలాగే ఉంటుంది. విప్పాడు. మురికి పెద్దగా లేదు గానీ, రింగు పక్కన ఒక వెంట్రుక దొరికింది. పళ్ళెంలో వేసి చూపించాడు. బావ ఆ వెంట్రుకను చాలాసేపు చూశాడు.

"దీని మూలానేనంటావా?"

"మరి దేని మూలాన? నెత్తి మీద మిగిలినవి నాలుగే, అవీ ఇందులో పడేస్తున్నావ్."

నెల పదిహేను రోజులకు బావ మళ్ళీ వచ్చాడు. అదే మాట. ఈసారి రెండు స్ప్రింగుల్లో ఒకటి రెండోదానికన్నా కాస్త మెత్తబడిందని తేలింది. నిజం చెప్పాలంటే ఏ యోక్ విప్పినా ఆ మాత్రం తేడా ఉంటుంది. అయినా మార్చాడు. మారుస్తూ నోటి దురద కొద్దీ అన్నాడు:

"చేతులు మాట వినట్లేదేమో కెప్టెన్, చూసుకో. ముసలాడివైపోతున్నావ్."

బావ నవ్వాడు. ఎప్పుడూ మాటకు మాట అప్పటికప్పుడే విసిరే మనిషి, ఆ రోజు కాస్త ఆలస్యంగా నవ్వాడు. మేస్త్రి గమనించాడు, గమనించి వదిలేశాడు. బావా బావమరుదుల మధ్య అలాంటివి రోజుకు పది దొర్లుతాయి. పదిలో ఒకటి నిజమైతే దాన్ని ఎవడు ఏరుకుంటాడు!

మూడోసారి వచ్చినప్పుడు మేస్త్రికి పౌరుషం వచ్చింది. తన చేతి మీదుగా వెళ్ళిన వస్తువు మూడుసార్లు వెనక్కి రావడమా! కొట్టు మూసి, యోక్ చంకన పెట్టుకుని బావ ఇంటికే వెళ్ళాడు. దాన్ని కంప్యూటరుకు తగిలించాడు. చేయి ఎటు కదిలితే అటు తెర మీద గీత గీసి చూపించే ఏర్పాటు అందులో ఉంటుంది. బావను మెల్లగా ముందుకు తోయమని, తను తెరకు ముక్కు ఆనించి కూర్చున్నాడు. సాఫీగా రావాల్సిన గీత రంపం పళ్ళలా వచ్చింది.

"దొరికింది!" అని కేక పెట్టాడు. "లోపల చేతి కదలికను కంప్యూటరుకు చెప్పే ముక్క ఒకటుంటుంది. అది తడబడుతోంది."

లేచి, ఆ పిడిని ఒక్కసారి తన చేత్తో తోసి గీత చూసి ఉంటే సరిపోయేది. ఒక్క నిమిషం పని. ఆ నిమిషమే అతనికి తోచలేదు. ముప్ఫై ఏళ్ళుగా మిషను వంక చూసిన కళ్ళు మిషను వంకే చూశాయి.

ఆ ముక్క విడిగా దొరకదు కాబట్టి, ఇక వైద్యం మొదలుపెట్టాడు. కడ్డీకున్న పల్చటి గ్రీజు తీసేసి, తేనెకన్నా చిక్కటి గ్రీజు పట్టించాడు. చేయి ఎంత అదిరినా పిడి నింపాదిగానే కదులుతుంది. తర్వాత కంప్యూటరులో మరో ఏర్పాటు మార్చాడు. పిడి నడిమధ్యలో చిన్నాచితకా కదలికల్ని కంప్యూటరు పట్టించుకోకుండా వదిలేసే హద్దు అది. మామూలుగా గోరంత ఉంచుతారు. మేస్త్రి దాన్ని పెంచుకుంటూ పోయాడు, గీత నున్నగా వచ్చేదాకా.

"ఇప్పుడు దించు కెప్టెన్."

బావ దించాడు. విమానం రన్‌వే మీద నిండు కప్పులా కూర్చుంది.

"బ్రహ్మాండంగా ఉందిరా," అన్నాడు బావ. కళ్ళు తుడుచుకున్నాడు. అంత సంబరం దేనికో మేస్త్రికి అర్థం కాలేదు, తన ప్రతిభకేననుకున్నాడు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు బావ యోక్ పట్టుకుని కొట్టుకు రాలేదు. ఆ మధ్యలో ఒక ఆదివారం మేస్త్రి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, అక్క బావ చొక్కా గుండీలు పెడుతూ కనిపించింది.

"చూడరా మీ బావ సోకు. రిటైరయ్యాక గుండీలు కూడా నేనే పెట్టాలట," అంది అక్క.

"కెప్టెన్లకు గుండీలు పెట్టడానికి వేరే మనుషులుంటారక్కా," అన్నాడు మేస్త్రి. ముగ్గురూ నవ్వారు. తర్వాత్తర్వాత ఆ నవ్వు అతనికి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు.

ఆఖరికి ఒకరోజు స్నానాల గది గడప దగ్గర బావ పడిపోయాడు. కాలు లేవలేదు, అంతే, జారలేదు అన్నాడు. మేస్త్రే బావనూ అక్కనూ ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ కాలు సంగతి పక్కన పెట్టి చేతులు చూసింది.

"పిడికిలి బిగించి, పూర్తిగా తెరవండి. ఎంత వేగంగా చేయగలిగితే అంత వేగంగా. నేను పది సెకన్లు చూస్తాను."

బావ మొదలుపెట్టాడు. మేస్త్రి పక్కన నిలబడి లెక్కపెట్టాడు. పిడికిలి బిగిసేది, తెరవబోతే వేళ్ళు మధ్యలో పట్టేసేవి, ఉన్నట్టుండి ఒక్కసారిగా విచ్చుకునేవి. పది సెకన్లకు తొమ్మిది. డాక్టరమ్మ తన చేత్తో చేసి చూపిస్తే ఇరవై రెండు వచ్చాయి. మేస్త్రికి లెక్క పెద్దగా ఎక్కలేదు. ఆ పట్టేయడం, ఆ ఒక్కసారిగా పోవడం, అది తెలుసు. దాని కోసమే కదా కడ్డీ తుడిచాడు, స్ప్రింగు మార్చాడు.

"మెడ ఎముకల మధ్య వెన్నుపాము నలుగుతోంది," అంది డాక్టరమ్మ, స్కాన్ చూశాక. "చేతులు ఇలా ఎన్నాళ్ళుగా ఉన్నాయి?"

బావ తలొంచుకున్నాడు. "ఏడాది దాటింది," అన్నాడు మేస్త్రి. ఆ సంగతి అతని నోటి నుంచి ఎలా వచ్చిందో అక్కకు అర్థం కాక తమ్ముడి మొహంలోకి చూసింది.

"ఆపరేషన్ చేస్తే ఇక్కడితో ఆపొచ్చు. పోయినదంతా తిరిగి వస్తుందని మాత్రం మాటివ్వలేను. అప్పుడే వచ్చి ఉంటే బాగుండేది."

ఆపరేషన్ అయింది. బావ కర్ర పట్టుకుని నడిచే స్థితికి వచ్చాడు. చేతులు అలాగే ఉండిపోయాయి. మేస్త్రి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ పక్కనే ఉన్నాడు గానీ, బావ ఇంటికి చేరాక ఆ గడప తొక్కడానికి మొహం చెల్లలేదు. కొట్టుకు యోకుల పార్సిళ్ళు వస్తే విప్పకుండానే గోడవార పేర్చాడు. రెండు నెలలకు అక్క ఫోను చేసింది.

"మీ బావ నిన్ను సామాన్ల పెట్టె పట్టుకుని రమ్మంటున్నాడు. ఎందుకో నాకు చెప్పడు."

వెళ్ళాడు. బావ టేబుల్ ముందే కూర్చుని ఉన్నాడు.

"నువ్వు అప్పుడు ఇందులో పెట్టిందంతా తీసెయ్యరా. ఉన్నదున్నట్టు చూడాలి నేను."

మేస్త్రి పెట్టె తెరిచి పని మొదలుపెట్టాడు. చిక్కటి గ్రీజును గుడ్డతో తీసీ తీసీ, స్పిరిట్‌తో కడ్డీ తళతళలాడేలా తుడిచాడు. పల్చటిది రాశాడు. కంప్యూటరులో తను పెంచిన హద్దును సున్నాకు దించాడు. ఈసారి ముందు తన చేత్తో తోసి చూశాడు. గీత సాఫీగా వచ్చింది. యోక్‌లో ఏ లోపమూ లేదు. బావ పట్టేస్తోందని తెచ్చిన ఆ మూడుసార్లూ లేదు.

బావ రెండు చేతులూ పిడి మీద పెట్టి విమానాన్ని లేపాడు. లేచీ లేవగానే ముక్కు ఎగిరిపడింది, వెంటనే కిందికి కుంగింది. రెక్క ఒకవైపు ఒరిగి, సర్దబోతే రెండో వైపు మరీ ఒరిగింది. దింపుతుంటే రన్‌వే తెరలో ఊగిసలాడింది. విమానం పక్కనున్న గడ్డిలో ముక్కు గుచ్చుకుని ఆగిపోయింది.

మేస్త్రి తట్టుకోలేకపోయాడు. "నేనే చేశాను బావా. నీ చేతుల్లో ఉన్నదాన్ని ఇందులో వెతికాను. వెతికి ఊరుకోకుండా కప్పిపెట్టాను. ఆ రోజు ఒక్కసారి నీ చేతుల వంక చూసుంటే..."

"ఊరుకోరా. నాకు తెలీదనుకున్నావా?"

మేస్త్రి తలెత్తాడు.

"రెండోసారి నీ దగ్గరికి రాకముందు, గుండీలు పట్టుబడని రోజునే తెలుసు. డిపోలో మావాడొకడికి ఇలాగే మొదలైంది, చివరికి మంచం పట్టాడు. డాక్టరంటే భయం వేసింది నాకు. మూడోసారి నీ దగ్గరికి వస్తూ దారి పొడుగునా ఒకటే అనుకున్నా. ఈసారి నువ్వు ఇందులో ఏం లేదంటే, అట్నుంచి అటే ఆసుపత్రికి పోదామని." బావ పిడి మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీకేదో దొరికింది. హమ్మయ్య అనుకున్నా."

ఆ మాటల్లో కోపం లేదు. ఉంటే బాగుండేదని మేస్త్రికి అనిపించింది. ఉంటే ఎదురు చెప్పడానికో, కాళ్ళ మీద పడడానికో వీలుండేది. ఇందులో ఏం లేదు బావా అని ఆ రోజు ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే తన పేరేం పోతుందని అన్నేళ్ళూ నోరు కట్టేసుకున్నాడో, ఇప్పుడు ఎంత వెతికినా జవాబు దొరకలేదు.

"విమానాన్ని మళ్ళీ రన్‌వే మీదికి తెచ్చి పెట్టరా," అన్నాడు బావ. "ఆ చిన్న బటన్ నొక్కడం నాకు చేతకావట్లేదు."

మేస్త్రి నొక్కాడు.