టింగుటింగు గదికీ కేబుల్ గదికీ మధ్య

నా కాళ్లు నా మాట వినని రోజులవి. ఇప్పుడు నడవమని డాక్టరు బతిమాలినా కదలని ఈ కాళ్లే, అప్పట్లో కూర్చున్నచోట కుదురుగా ఉండక, బల్ల కింద వాటిపాటికవి ఏదో ఊరు పోతూ ఉండేవి. నేను తింటుంటే పక్కవాడి కంచం కదిలేది, నేను రాస్తుంటే పక్కవాడి అక్షరం కదిలేది. (ఒకసారి పరీక్షలో మా బెంచీవాళ్లందరి దస్తూరీ ఒకేలా వంకరగా ఉందని కాపీ కొట్టామని అనుమానించారు. అది కాపీ కాదు, కంపనం.) మా నాయనమ్మ మాత్రం దీనికి కారణం కనిపెట్టింది. "అయ్యది బస్సు నౌకరి గద, ఆ ఇంజను వీని కాళ్లల్లకొచ్చింది" అనేది.

నాన్న ఖమ్మం–భద్రాచలం బస్సులో కండక్టరు. బస్సు నిండా సీట్లే, ఆ మనిషి మాత్రం ఉద్యోగమంతా నిలబడే చేశాడు. కండక్టరు సీటని ఒకటి ఉండేదిగాని, అందులో ఎప్పుడూ ఎవరో ఒక బాలింతో, మోకాళ్ల నొప్పుల పెద్దాయనో ఉండేవారు. అందుకని నా విషయంలో ఆయనకున్న ఆశయం ఒక్కటే, కుర్చీ. "డాక్టరువైతవో కలెక్టరువైతవో నాకొద్దు బిడ్డా. నేను సర్వీసంతా నిలబడ్డ. నువ్వు కూసుండి చేసే నౌకరి చెయ్, చాలు" అనేవాడు. ఆయన ఆ మాట చెప్పినంతసేపూ నేను నిలబడే వినేవాణ్ని, అదీ ఒంటికాలి మీద.

డిగ్రీ అయింది. (అయిందంటే, కాలేజీకి వెళ్లడం అయింది, రెండు సబ్జెక్టులు నాకోసం ఇంకా ఎదురుచూస్తున్నాయి.) అప్పుడే భద్రాచలంలో ఒక కమ్యూనిటీ కాలేజీ తెరిచారు. బోర్డు మీద రెండే కోర్సులు: కంప్యూటర్ నెట్‌వర్కింగ్, గిటార్ వాదన. ఈ రెంటినీ ఒకే కప్పు కింద ఎందుకు పెట్టారో ఇప్పటికీ తెలియదు. రెండూ తీగలతో పనే కదా అని పైవాళ్లు అనుకుని ఉంటారు. నాన్న డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే ఆఫీసు గదిలోకి వెళ్లి, "సార్, ఈ రెండిట్ల కుర్చీల కూసుండే నౌకరి దేంట్లొస్తది?" అని అడిగాడు. నెట్‌వర్కింగ్ అన్నారు. నన్ను మా ఊరు ములకలపల్లి నుంచి మూటగట్టి తెచ్చి, భద్రాచలంలో ఒక కిరాయి గదిలో దించి, మర్నాడే క్లాసులో కూర్చోబెట్టాడు.

కాలేజీ అంటే ఒక పొడుగాటి హాలు, మధ్యలో ప్లైవుడ్ అడ్డం. ఇటు మేము, అటు గిటార్లు. మాకు పాఠం చెప్పే ఆయనను కేబుల్ సార్ అనేవాళ్లం. కేబుల్ చివర ఎనిమిది రంగుల తీగలను వరస తప్పకుండా పేర్చి, ప్లాస్టిక్ జాక్‌లో దూర్చి, పట్టకారుతో కటుక్కున నొక్కడం ఆయన ప్రాణం. "వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ..." అని మేము ఎక్కాల్లా అప్పజెప్పేవాళ్లం. సరిగ్గా బ్లూ దగ్గరికి వచ్చేసరికి అవతల టింగుమనేది. నా చేతిలో బ్లూ ఉన్నచోటికి బ్రౌన్ వచ్చేది. కేబుల్ సార్ అడ్డం మీద దబదబ కొట్టేవాడు. "సార్, మీ టింగుటింగుతోని మా పిల్లలకు ఐపీ అడ్రస్ ఎక్కుతలేదు." అటునుంచి గిటార్ సార్ గొంతు మెత్తగా వినిపించేది. "మాఫ్ చెయ్యుండ్రి సార్. మీ పిల్లల రంగుల పాటకు మా పిల్లలు గూడ తాళం తప్పుతున్నరు."

నా గదిలోనే ఉండి, నా పక్కనే కూర్చునేవాడు సిగ్నల్. అసలు పేరు వేరే. అడవి లోపలి గూడెం వాడిది, ఫోన్ మాట్లాడాలంటే ఊరి వెనక గుట్ట ఎక్కాలి. నెట్‌వర్కింగ్ చదివితే ఊరికి నెట్‌వర్క్ తేవచ్చని చేరాడు పాపం. కేబుల్ సార్ మొదటివారమే, ఇది కంప్యూటర్లను కలిపే చదువు, టవర్ల చదువు కాదు అని తేల్చేశాడు. కానీ ఊళ్లో ఆ మాట ఎవరు చెబుతారు? పండక్కి పోయినప్పుడల్లా పెద్దమనుషులు "ఏందిరా, టవర్ ఎంతదాంక వచ్చింది?" అని అడిగేవారు. "దారిల ఉన్నదే" అనేవాడు సిగ్నల్.

ఇక నా సంగతి. అడ్డం అవతల గిటారు మోగినంతసేపూ నా కాళ్లు కదలడం మానేసేవి. ఇది నాకంటే ముందు సిగ్నల్ కనిపెట్టాడు, బల్ల కదలక వాడికి నిద్ర పట్టేస్తోందట. ఇంటర్వెల్ కాగానే నేను అవతలి గుమ్మం దగ్గర నిలబడేవాణ్ని. గిటార్ సార్‌ది ఖమ్మంలో తరాలుగా గడియారాలు బాగుచేసే కుటుంబం. ఈయనొక్కడే కాలాన్ని వదిలి తాళాన్ని పట్టుకున్నాడు. ఒకరోజు నన్ను చూసి, "గుమ్మంల ఎందుకు బేటా, లోపలికి రా. ఊకె చూస్తే వస్తదా, పట్టుకో" అని గిటారు ఒళ్లో పెట్టాడు. గోదావరి తేమకు దాని తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. నొక్కితే వేళ్ల కొసల మీద నల్లటి గీతలు పడి, ప్రాణం వేలి చివరికొచ్చేది. అయినా కదలకుండా కూర్చున్నాను, బెల్లు కొట్టినా లేవనంతగా. పుట్టి బుద్ధెరిగాక నేను కూర్చోవడం అదే మొదలు.

అలా కొన్ని నెలలు ఇంటర్వెల్ విద్యతో గడిచాక పిడుగులాంటి కబురొచ్చింది. తనిఖీకి ఒక మేడం వస్తోంది. పిల్లలు లేని కోర్సును ఎత్తేస్తారు. గిటార్ కోర్సులో మిగిలింది ఇద్దరు. ఆ ఇద్దరూ అన్నదమ్ములు, తనిఖీ రోజునే వాళ్లక్క పెళ్లి. గిటార్ సార్ ఆ పొద్దున గిటార్లను గుడ్డతో తుడుస్తూ, "ఏం లేదు బేటా, మా అన్న దుకాణంల ఒక స్టూలు ఖాళీగనే ఉన్నది" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ గది మూతపడితే ప్రపంచంలో నేను కుదురుగా కూర్చోగలిగే చోటు ఇంకొకటి లేదు.

ఉపాయం చెప్పింది ఎవరనుకున్నారు, కేబుల్ సారే. రోజూ అడ్డాన్ని బాదే మనిషి, ఆరోజు తలుపు దగ్గరికి వచ్చి, మా మొహాలు కాక గోడ చూస్తూ అన్నాడు. "మేడం ముందుగాల ఆ గదికే పోతది. మీల కొందరు పోయి ఆడ కూసోండ్రి. ఆమె లేవంగనే వెనక వరండల నుంచి ఉరికొచ్చి ఈడ కూసోండ్రి. నాకేం తెల్వదు." (తెల్వదు అంటూనే, ఎవరు ఏ కిటికీ పక్కనుంచి వంగి రావాలో కూడా చెప్పాడు. నెట్‌వర్కింగ్ అంటే ఏమిటో నాకు ఆరోజు అర్థమైంది.)

మేడం వచ్చేసరికి గిటార్ గది కళకళలాడుతోంది. సిగ్నల్ గిటారును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, ఎందుకైనా మంచిదని జోకొడుతున్నాడు. ఇంకొకడు దాని బొక్కలోకి తొంగి చూస్తున్నాడు. మేడం అందర్నీ కలయజూసి, "ఎవరన్న ఒకరు వాయించండి బాబూ" అంది. గిటార్ సార్ ఫ్యాను వైపు చూశాడు. అందరూ నేల చూశారు. నేనూ చూసేవాణ్నేగాని, నా కాలు అప్పటికే నేలను టకటకా కొడుతోంది. "నువ్వు రా బాబూ, తాళం అప్పుడే మొదలుపెట్టినట్టున్నవు" అంది మేడం.

నాకు వచ్చినవి మూడు స్వరమేళాలు. వాటితో ఏ పాటా పూర్తి కాదు. నాకు పుట్టినప్పటినుంచీ తెలిసిన తాళం ఒక్కటే గుర్తొచ్చింది: నాన్న బస్సులో కడ్డీ మీద టిక్కెట్ల పంచుతో కొట్టేది. ఆగాలంటే టక్. పోవాలంటే టక్ టక్. అదే తీగల మీద మొదలుపెట్టాను. టక్. టక్ టక్. టక్. టక్ టక్. అది రెండు స్టేజీలు పోయాక, సిగ్నల్ పక్కనుంచి సన్నగా వాళ్ల భాషలో ఏదో ఎత్తుకున్నాడు. వాళ్ల గూడెంలో పండగనాడు అడుగు కలుపుతూ పాడేదట. నా బస్సు వాడి గూడెం దారిలో ఎలా పడిందో తెలియదుగాని, గది అంతా చప్పట్లు కలిపింది. ఆపేసరికి గిటార్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మేడం "బాగుంది" అని లేచింది.

లేచిందంటే మేము ఉరకాలి. వరండాలో వంగి, కిటికీల కిందనుంచి పాకి, ఆయాసాన్ని మింగుతూ బల్లల ముందు వాలాం. మేడం వచ్చి నేరుగా నా దగ్గరే ఆగింది. "ఒక కేబుల్ చేసి చూపించు బాబూ." వైట్ ఆరెంజ్, ఆరెంజ్... ఈసారి రంగులు కుదిరాయి. కటుక్కున నొక్కి ఇచ్చాను. ఆమె జాక్ వైపు చూడలేదు. నా ఎడమచెయ్యి తిప్పి వేళ్ల కొసలు చూసింది. తుప్పు గీతలు, ఒక్కో వేలికి ఒక్కోటి, బొట్టు పెట్టినట్టు తాజాగా ఉన్నాయి.

"ఇందాక ఆ గదిల ఉన్నది నువ్వే గద?"

కేబుల్ సార్ బోర్డు మీద లేని సుద్దను తుడవడం మొదలుపెట్టాడు. అబద్ధమాడదామనుకున్నానుగాని, వేళ్లు ఆమె చేతిలో ఉన్నాయి.

"అవ్ మేడం. ఈడ కూసుంటే ఆడికి పోవాలనిపిస్తది. ఆడ కూసుంటే ఈడికి రావాలని అస్సలు అనిపియ్యదు. కానీ నాన్న ఈడ చేర్పిచ్చిండు."

"మరి నువ్వు?" అని సిగ్నల్‌ను అడిగింది. వాడు లేచి నిలబడి, "మా ఊరికి టవర్ రాలే మేడం. వచ్చేదాంక ఊకె కూసునుడెందుకని పాటకు పోయిన" అన్నాడు.

 మేడం నవ్వు బయటికి రాకుండా పెదవి బిగించి, "రెండూ నేర్చుకుంటున్నరన్న మాట. మంచిదే. మళ్లా ఏడాది నేనే వస్త. అప్పుడు నువ్వొక్కనివే కాదు, ఈ గదంత వాయించాలె. లేకుంటే రెండు గదులకూ తాళమే" అంది. (ఏ తాళమో విడమర్చి చెప్పలేదు.) అలా గిటారు బతికింది, మాకు శిక్ష పడింది. ఆ ఏడంతా పొద్దున కేబుళ్లు, మధ్యాహ్నం తీగలు. కేబుల్ సార్ కూడా, అడ్డం ఉన్నా ఎలాగూ వినిపిస్తూనే ఉంది కదా అని, ఒక గిటారు పట్టుకుని వెనక వరసలో కూర్చునేవాడు.

ఈ సంగతి నాన్నకు తెలియకుండా దాచాలనుకున్నాను. శనివారం గిటార్ సార్ ఖమ్మం పోవడానికి ఎక్కింది నాన్న బస్సే. "కండక్టర్ సాబ్, మీ అబ్బాయి నా నౌకరి నిలబెట్టిండు" అన్నాడట. "వాణ్ని కూసోబెడదామని నేను చూస్తుంటే, వాడు ఇంకొకరిని నిలబెడుతున్నడా" అన్నాడట నాన్న. ఆ రాత్రే ఫోన్ వచ్చింది.

"గిటారేందిరా నడుమ?"

"కూసుండి వాయించేదే నాన్నా."

నాన్న బస్టాండు చప్పుడుకు పక్కకు జరిగాడు. "కూసుండేనా?" అన్నాడు.

"అవ్."

"మరి మంచిగ నేర్సుకో" అని పెట్టేశాడు.

నాన్న కోరుకున్న కుర్చీ నాకు ఖమ్మంలో దొరికింది. ఒక ఆఫీసులో కంప్యూటర్ల తీగలు చూసుకుంటాను. హాజరుకు గోడ మీద వేలిముద్ర మిషను ఉంది. నా కుడి చూపుడువేలి మీద కేబుల్ బ్లేడు గీసిన గాటు ఉండటంతో ఎడమది నమోదు చేశారు. ఆ వేలి కొస గిటారు వల్ల కాయ కాసి, ముద్రలన్నీ అరిగిపోయి ఉండేది. రోజూ మిషను లోపలి అమ్మాయి "మళ్లీ ప్రయత్నించండి" అనేది. వెనక వరసలో ఉన్నవాళ్లు "అన్నా, వేలు పెడుతున్నవా, మోకాలు పెడుతున్నవా? జల్దీ కానియ్" అని గోల చేసేవారు. నాకు మాత్రం లోలోపల గర్వంగా ఉండేది. ఏళ్లు గడిచాయి, గిటారు బీరువా మీదికి చేరింది. ఈ వానాకాలం ఒక పొద్దున వేలు పెట్టగానే మొదటిసారే "ధన్యవాదాలు" అంది. వెనకవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను వెళ్లి కుర్చీలో కూర్చుని బల్ల కిందికి చూసుకున్నాను. కాళ్లు రెండూ, డిపోలో పెట్టిన బస్సుల్లా, పక్కపక్కన కదలకుండా ఉన్నాయి.

సాయంత్రం ఇంటికి పోయి బీరువా మీంచి గిటారు దించాను. తుప్పు తీగలు మొదటిరోజులాగే కోశాయి. సిగ్నల్‌కు ఫోన్ కలిపాను. (వాడి ఊరికి టవర్ వచ్చింది. వాడికి దాంతో ఏ సంబంధమూ లేదు, ఊరు మాత్రం వాడి వల్లే అనుకుంటోంది.) "ఏమన్న వాయించరా" అన్నాడు. వాయించాను. టక్. టక్ టక్. ముందుగదిలో రిటైరైన నాన్న ఉన్నాడు. కూర్చోవడానికి కావలసినన్ని కుర్చీలున్నా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. ఆ తిరిగే అడుగులు ఒక్కసారి ఆగాయి. "రైట్, రైట్" అన్నాడు అక్కణ్నుంచే.

అప్పటినుంచి రోజూ కాసేపు వాయిస్తున్నాను. మొన్న పొద్దున మిషను అమ్మాయి మళ్లీ ప్రయత్నించమంది. వెనక వరసంతా మూలిగింది. ప్రయత్నిస్తున్నానమ్మా, అన్నాను.