జమున వంతు బీడీలు

చలి మొదలైతే కోరుట్లలో ఆ వాడ ఆడవాళ్లంతా బీడీల చాటలు పట్టుకుని జమున వాకిట్లో ఎండకు చేరతారు. జమున డిటెక్టివ్ నవల పైకి చదివి వినిపిస్తుంది, ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు వింటూ చుడతారు. వేలు నాలుకకు తాకించి పేజీ తిప్పుతుంది, కథ బిగిసిన చోట కావాలనే ఆగి చాయ్ తాగుతుంది. మొన్న హంతకుడు బయటపడబోతుండగా మొగుడు హనుమంతు వచ్చాడు. “బీడీలు చుట్టుమంటే కతలు సదువుతున్నవా?” అంటూ ఆమెను జుట్టు పట్టి ఈడ్చి, వీపున తన్ని, పుస్తకాన్ని వాకిట్లో మండుతున్న నీళ్లపొయ్యిలోకి విసిరాడు. జమున రెండు చేతులూ మంటలో పెట్టి దాన్ని తీసింది. అట్ట కాలింది, చివరి పేజీలు మిగిలాయి. వేళ్ల మీద చర్మం ఊడింది. ముసలి శంకరవ్వ ఆకు కోసే కత్తెరతో లేచింది, వెనకే అందరూ లేచారు. హనుమంతు చెప్పులు వదిలేసి పరుగెత్తాడు.

మర్నాడు గుడ్డలు చుట్టిన చేతులు ఒళ్లో పెట్టుకుని జమున అక్కడే కూర్చుంది. “ఇగ నెల దాకా బీడీ చుట్టలేవు బిడ్డా,” అంది శంకరవ్వ.

“చేతులే కాలినయి పెద్దమ్మా, నోరు కాలలే.”

చదువు రాని శంకరవ్వ పుస్తకం తెరిచి ఆమె ముందు పట్టుకుంది.

“తలకిందులు పట్టినవ్,” అంది జమున. అందరూ నవ్వారు. ఆమె తల ఊపినప్పుడల్లా శంకరవ్వ పొగాకు అంటిన వేలిని నాలుకకు తాకించి పేజీ తిప్పింది.