జీపు మరిగినందుకు బాధ్యులు

నా జీపు దారిలో పదకొండు సార్లు మరిగింది. ఆరేడు సార్లు అని మెకానిక్కు, ఇరవై సార్లు అని నా భార్య చెప్పేవన్నీ నోటిమాటలు. నా దగ్గర రాతపూర్వకమైన ఆధారం ఉంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ మరమగ్గాల కార్ఖానాలో షిఫ్టు రిజిస్టరు నిర్వహించాను. ఏ మగ్గం ఎప్పుడు ఆగింది, ఎందుకు ఆగింది, అందుకు బాధ్యులెవరు అని అందులో మూడు గడులుండేవి. మూడో గడిని నేను ఏనాడూ ఖాళీగా వదల్లేదు. పదవీ విరమణతో రిజిస్టరు చేతులు మారింది కాని, గడులు గీసే అలవాటు నాతోనే ఇంటికి వచ్చింది. జీపు కొన్ననాడే రెండువందల పేజీల నోటుపుస్తకం కూడా కొన్నాను.

అది మామూలు జీపు కాదు. ఒళ్లు పాతది. లోపల ఉన్నది ఒక పెద్ద కారు నుంచి తీసి బిగించిన ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. మార్పుకు కావలసిన అనుమతి పత్రాలన్నీ ఫైలులో వరుసగా ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. అంత బలమైన ఇంజనుకు వేడి ఎక్కువని మెకానిక్కు బానెట్ మీద రెండు వైపులా చేప మొప్పల్లాంటి చీలికలు కోశాడు. అతనిది నా వయసే. ములుగు రోడ్డు పక్క రేకుల షెడ్డులో నలభై ఏళ్లుగా జీపులు విప్పుతున్నాడు. నేను అతణ్ణి భాయ్ అంటాను, అతను నన్ను సారు అంటాడు.

జీపు ఊళ్లో తిరిగినంతసేపూ బుద్ధిగా ఉండేది. హైదరాబాదు రోడ్డెక్కి వేగం పెంచితే మాత్రం పావుగంటలో వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి పాకేది. యాభై కిలోమీటర్లైనా లేని రఘునాథపల్లి దాకా ఒక్కసారైనా చేరలేదు. ఏడోసారి ఒక బస్టాపు ఎదుట ఆగాం. ముందునుంచి ఆవిరి పొగలు కక్కుతూ ఉంటే నా భార్య చీర చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"బస్సుల పోయెటోళ్లంత నన్నే సూస్తాండ్రు. పెండ్లిపిల్లను సూసినట్టు."

"ఇంజను చల్లారేదాకా మూత తీయకూడదు. అరగంట పడుతుంది" అన్నాను.

"అరగంట గీ రేకు సీటు మీద కూసోవాల్నా? నేను నేసిన జంఖానా ఏదయ్యా? సీటుకు ఏస్తనని తీస్కపోతివి."

"భద్రంగా ఉంది."

అది నిజమే. ఆమె పుట్టిల్లు కొత్తవాడలో నేతవారిది. ఎర్ర, నీలం చారలతో ఆ దళసరి నూలు జంఖానాను ఆమె స్వయంగా నేసింది. అలాంటి పనితనం మీద కూర్చోవడం అన్యాయమని నాకు అనిపించిన మాట వాస్తవం.

"ఇగ ఇను" అంది. "వచ్చే ఐతారం డోర్నకల్ నుంచి అన్న వస్తాండు. ఆ పొద్దు నువ్వు రఘునాథపల్లి పోయి మరగకుండ వస్తివా, జీపు నీది. మరిగిందా, అన్నకు ఇచ్చుడే."

ఆ అన్న రైల్వేలో పనిచేసి విరమించిన ఆమె పెదనాన్న కొడుకు. జీపు తీసుకుంటే నా ఇంజను పీకేసి డీజిలు ఇంజను బిగిస్తాడట, పొలానికి ఎరువు బస్తాలు మోయిస్తాడట! ఆ మాట విన్న రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి ఒక క్రమం ప్రకారం విచారణ మొదలుపెట్టాను. మొదట ఇంజనును చల్లబరిచే కూలెంటు పూర్తిగా మార్చాను. బాధ్యుల గడిలో పాత కూలెంటు అమ్మిన దుకాణదారును రాశాను. రేడియేటరు కడిగించాను; బాధ్యులు: మున్సిపాలిటీ నీళ్లు. ఫ్యాను బెల్టు బిగువు చూశాను, రేడియేటరు మూత కొత్తది వేశాను. థర్మోస్టాటు వేడికి తెరుచుకుంటోందో లేదో చూడడానికి దాన్ని వంటింట్లో గిన్నెలో మరిగించాను. సక్రమంగా తెరుచుకుంది. గిన్నె చారుది అని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

ప్రతి మరమ్మతు తరువాత వాకిట్లో అరగంట ఇంజను నడిపి, ప్రతి ఐదు నిమిషాలకూ ముల్లు ఎక్కడుందో రాసేవాణ్ణి. ముల్లు మధ్యగీత దాటేది కాదు. తీరా రోడ్డెక్కితే మళ్లీ ఎర్రగీతే. మనిషి చూస్తుండగా ఒకలాగ, చూడనప్పుడు ఒకలాగ పనిచేసే యంత్రాన్ని నా సర్వీసులో నేను చూడలేదు.

శనివారం పొద్దున పుస్తకం పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. నా భార్య కూడా వచ్చింది, అన్నకు ఫోను చేయాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకుంటానని.

"భాయ్, అంతా ఇందులో ఉంది, చదువు" అన్నాను.

"నాకు ఉర్దూ సదువొస్తది సారు. తెలుగు మాట్లాడుడే. చెల్లె, జర నువ్వు సదువమ్మా."

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. "సోమవారం, వాకిట్లో, బానెట్ తెరిచి, అరగంట, ముల్లు మధ్యల. సోమవారం సాయంత్రం, హైదరాబాదు రోడ్డు, బానెట్ మూసి, పావుగంట, మరిగింది. మంగళవారం, వాకిట్లో, బానెట్ తెరిచి..." నాలుగో వరుస దగ్గర ఆగింది. వేలు పెట్టి కిందిదాకా చూసుకుంది.

"ఏమయ్యా, తెరిస్తె మంచిగుంటాంది, మూస్తె మరుగుతాంది. గింతే గద నువ్వు రాసింది?"

"రోడ్డు మీద బానెట్ తెరిచి నడపలేం కదా!" అన్నాను కోపంగా.

మెకానిక్కు చేతిలో స్పానరు కింద పెట్టాడు. లేచి వెళ్లి బానెట్ ఎత్తి, దాని లోపలివైపు అరచేత్తో తడిమాడు. అక్కడ నల్ల రెగ్జిన్ గుడ్డ నీటుగా అతికినట్టు ఉంది.

"సారు, గిది కంపెనీ కార్లకుండే మెత్త అనుకున్న. ఎవరు పెట్టిండ్రు?"

"నేనే. వానపడితే ఆ చీలికల్లోంచి నీళ్లు ఇంజను మీద కారుతున్నాయి."

"వేడి గాలి బయటికి పోనీకే నేను చీలికలు కోస్తి, నువ్వు మూస్తివి! ముందునుంచి గాలి జొరబడ్తది, మరి ఎటుపోవాలె? అల్లా దయ, గుడ్డ అంటుకోలే. గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలేదు."

"నీ పుస్తకంల ఉన్నదా?"

లేదు. లోపం కానిదాన్ని లోపాల పుస్తకంలో ఎందుకు రాస్తాను? ఈ సంగతి నేను వివరిస్తూ ఉండగానే అతను రెగ్జిన్ అంచు పట్టి లాగాడు. కుట్లు తెగాయి. దాని లోపలి నుంచి ఎర్ర, నీలం చారల జంఖానా జారి నా భార్య కాళ్ల ముందు పడింది.

ఆమె వంగి దాన్ని తీసి, అంటిన మసిని వేలితో గీకి చూసింది. మెకానిక్కు మా ఇద్దరికీ వీపు చూపించి, స్పానర్లు అవసరం లేకపోయినా తుడవడం మొదలుపెట్టాడు.

"భద్రంగ ఉన్నదంటివి" అంది చివరికి.

ఆ సాయంత్రం ఆమె జంఖానాను రెండుసార్లు ఉతికి ఆరేసింది. ఆదివారం పొద్దున అది సీటు మీద ఉంది, దాని మీద ఆమె ఉంది. పెట్రోలు వాసన ఇంకా పోలేదని కాజీపేట దాటేదాకా అంటూనే ఉంది. నేను ముల్లు మీద నుంచి చూపు తిప్పితే రోడ్డు, రోడ్డు మీద నుంచి తిప్పితే ముల్లు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. చీలికల మీద గాలి అలలు అలలుగా వణుకుతూ పైకి లేస్తోంది. రఘునాథపల్లిలో చాయ్ తాగి, వెనక్కి తిప్పి, ఇంటి గేటు ముందు ఇంజను ఆపేదాకా ముల్లు మధ్యగీత మీదే నిలిచింది.

ఆమె జీపు దిగకుండానే ఫోను తీసింది. "అన్నా, రైలెక్కినవా? బువ్వకైతె రా. జీపుకైతె రాకు."

మధ్యాహ్నం పుస్తకం తెరిచి ఆఖరి వరుస పూర్తి చేశాను. కారణం: వేడి గాలి వెళ్లే దారి మూసుకుపోవడం. బాధ్యుల గడి దగ్గర కలం కొంతసేపు ఆగింది. అన్ని కోణాల నుంచీ ఆలోచించి 'వర్షం' అని రాశాను.

భుజం మీదుగా చూస్తున్న నా భార్య కలం లాక్కుంది. వర్షాన్ని కొట్టేసి, నా పేరు ఇంటిపేరుతో సహా రాసింది. అక్షరాలు గుండ్రంగా, దూరం నుంచి చూసినా చదవగలిగేంత స్పష్టంగా ఉన్నాయి.