కడిగిన కాళ్ళు

ఎర్రమంజిల్ మలుపులో కొత్త మేడ కడుతున్నారు. అటుగా నడిచినప్పుడల్లా తడి సిమెంటు వాసన ముక్కుకు తగిలి, చిన్ననాటి ఒక గురువారం గుర్తొస్తుంది. వెంటనే ఒళ్ళు మండుతుంది.

అప్పట్లో మా చర్చి అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో, ఒక అద్దె మేడ మీది రేకుల హాలు. ఎండకు రేకులు కాగి, తెల్లచీరల గంజివాసనా, చెమటా, పక్క గదిలో రొట్టె కాలుతున్న కమ్మదనమూ కలగలిసిపోతుంటే, పిల్లలం మెట్లమీద అచ్చంగాయలు ఆడుకుంటూ, పెద్దల ఉపవాసం ఎప్పుడు ముగుస్తుందా, మాకు ఉప్మా ఎప్పుడు పెడతారా అని చూసేవాళ్ళం. గుడ్ ఫ్రైడే ముందురోజు మాత్రం ఆట మాని లోపలికి పరిగెత్తేవాళ్ళం. ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టే, ఆ సాయంత్రం పాస్టరుగారు నడుముకు తువ్వాలు కట్టుకుని, కుర్చీల్లో కూర్చున్న పన్నెండుమంది కాళ్ళు కడిగేవారు.

ఆ ఏడు మా నాన్నను పిలిచారు. నాన్న పెరట్లో కూర్చుని ఇటుకముక్కతో మడమలు రుద్ది, గోళ్ళు తీసి, పాదాలకు పౌడరు అద్దుకుంటుంటే గుంటూరు అమ్మమ్మకు నవ్వాగలేదు.

"ఏంటి అల్లుడుగారూ, పెళ్ళిచూపులకా?"

అందరూ అలాగే వచ్చేవారు మరి. పాస్టరుగారి చేతికి మురికి అంటకూడదు కదా!

ఆ సాయంత్రం ఒకాయన రాలేదు, చివరి కుర్చీ ఖాళీ. బోరబండ తాపీమేస్త్రి యాదయ్య, ఆ మధ్యే బాప్తిస్మం తీసుకున్నవాడు, పని నుంచి నేరుగా వచ్చి వెనక నిలబడ్డాడు. అమ్మమ్మ అతన్ని ముందుకు తోసి, "పో నాయనా, కూర్చో" అంది.

"నన్ను సుత కూసోమంటరా అమ్మా?"

ముఖమంతా వెలిగిపోతూ వెళ్ళి కూర్చున్నాడు. మోకాళ్ళ దాకా సిమెంటు. పాస్టరుగారు వరసగా అందరి కాళ్ళూ కడిగి, అతని ముందుకొచ్చి, చెంబు పట్టుకుని ఆగిపోయారు.

"కింద కుళాయి ఉంది కదా బాబూ, కాస్త కడుక్కుని రా."

"అట్లనే అయ్యగారూ."

యాదయ్య దిగిపోయాడు. నాన్న తల వంచుకుని తన పాదాలకేసి చూసుకున్నారు. పాట అందుకున్నారు, ఇంకో పాట పాడారు, యాదయ్య రాలేదు. అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని కిందికి దిగింది. కుళాయి చుట్టూ బూడిదరంగు నీళ్ళు, అక్కణ్ణుంచి గేటు దాకా తడి అడుగులు. శుభ్రంగా కడుక్కునే వెళ్ళిపోయాడు. అమ్మమ్మ మెట్టుమీద కూలబడి ఏడ్చేసింది.

"కడుక్కున్నోళ్ళని కడగటానికి ప్రభువెందుకే?"

యాదయ్య మళ్ళీ చర్చి గడప తొక్కలేదు. ఎందుకు రావడం లేదని బోరబండ దాకా వెళ్ళి అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తప్పిపోయిన గొర్రె మీద ప్రసంగాలు మాత్రం ఏటా విన్నాం.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఆ కుళాయీ లేదు. రేకుల హాలు కోచింగ్ సెంటరైంది. మా చర్చి పంజాగుట్టకు మారి ఏసీ మందిరమైంది, కాళ్ళు కడిగే నీళ్ళలో పన్నీరు కలుపుతున్నారు. నిన్న చర్చి వాట్సాప్ గ్రూపులో ఈ ఏటి పన్నెండుమంది పేర్లు పెట్టారు. అందులో నాదీ ఉంది. అడుగున ఒక మనవి: 'దయచేసి కాళ్ళు శుభ్రంగా కడుక్కుని రాగలరు.' దాని కింద ఆమెన్, ఆమెన్ అని వరసగా పెట్టుకుంటూ పోయారు.

నేను రానని రాశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.